క్లిక్‌కి రేటెంత? 1841 లండన్ నుంచి మన కరిజ్మా ఆల్బమ్ దాకా

పెళ్ళికి ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్ళల్లో కచ్చితంగా వినిపించే డైలాగ్ ఒకటుంది. "ఇప్పుడు రీలు ఖర్చు కూడా లేదు కదా బాబూ, బటన్ నొక్కడానికి ఇంత రేటా?" అడిగేది పెదనాన్న కావచ్చు, మేనమామ కావచ్చు. ఎదురుగా కూర్చున్న ఫోటోగ్రాఫర్ నీళ్ళు నములుతాడు. ఎందుకంటే తను చెప్పిన రేటు ఎలా వచ్చిందో చాలాసార్లు అతనికీ తెలీదు. పక్క స్టూడియో వాళ్ళు యాభై వేలు అన్నారు కాబట్టి ఇతను నలభై అన్నాడు. బేరం మొదలయ్యాక ముప్పైకి దిగుతాడు.

ఈ ఎపిసోడ్ ఆ రేటు గురించే. ఫోటోకి రేటు ఎలా కట్టాలి అన్న గొడవ కొత్తదేం కాదు. ఫోటో స్టూడియో పుట్టిన రోజునే ఇదీ పుట్టింది. 180 ఏళ్ళు దాటిన ఈ కథలో కొందరు కోట్లు చూశారు, కొందరు దివాలా తీశారు. ఎవరు ఎందుకు మునిగారు, ఎవరు ఎందుకు తేలారు అన్నది చూస్తే, ఇవాళ కెమెరా ఈఎంఐ కడుతున్న మన ఊరి కుర్రాడికి పనికొచ్చే లెక్క ఒకటి దొరుకుతుంది.

కథలోకి వెళ్ళే ముందు ఒక మాట అరువు తెచ్చుకుందాం. నేను బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఈ వీడియోల్లోకి వచ్చినవాణ్ణి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో "బెంచ్" అనే మాట ఉంది. ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా ఉన్న ఉద్యోగిని బెంచ్ మీద ఉన్నాడంటారు. అతనికీ జీతం ఇవ్వాలి కదా, మరి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రాజెక్ట్‌లో ఉన్నవాళ్ళ గంటలకి క్లయింట్ దగ్గర వసూలు చేసే రేటులోంచి. అంటే ఆ రేటులో పని చేసిన గంటతో పాటు పని లేని గంట కూడా కలిసే ఉంటుంది. ఈ బెంచ్‌ని గుర్తుపెట్టుకోండి. కథ మొత్తంలో మనకి కనిపిస్తూనే ఉంటుంది.

సరే, 1839కి వెళ్దాం. ఆ ఏడాది ఆగస్టు 19న పారిస్‌లో లూయీ డాగేర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని బహిరంగంగా ప్రకటించారు. దాన్ని డాగరోటైప్ అంటారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద నేరుగా బొమ్మ పడుతుంది. ఫ్రెంచ్ ప్రభుత్వం డాగేర్‌కి ఏడాదికి 6,000 ఫ్రాంకులు, అతని భాగస్వామి నియెప్స్ కొడుక్కి 4,000 ఫ్రాంకులు పెన్షన్ ఇచ్చి, ఆ పద్ధతిని జనానికి ఉచితంగా వదిలేసింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ చేసింది.

ఒక్క మెలిక ఉంది. సరిగ్గా 5 రోజుల ముందు, అంటే ఆగస్టు 14న, ఇంగ్లండ్‌లో మాత్రం దానికి పేటెంట్ తీసుకున్నారు. కాబట్టి లండన్‌లో ఎవరైనా డాగరోటైప్ వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కొనాలి. ఆ లైసెన్స్ కొన్నది చిత్రకారుడూ కాదు, శాస్త్రవేత్తా కాదు. బొగ్గు వ్యాపారి రిచర్డ్ బియర్డ్. 1841 మార్చి 23న లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూషన్ పైకప్పు మీద అతను స్టూడియో తెరిచాడు. ఇంగ్లండ్‌లో ఇదే మొదటి ఫోటో స్టూడియో.

పైకప్పు మీద ఎందుకు? ఎండ కోసం. అప్పటికి కరెంటు లైట్లు లేవు. స్టూడియో పైకప్పుకి నీలం అద్దాలు బిగించి, ఎండ కళ్ళలో గుచ్చకుండా చేసి, కస్టమర్‌ని కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టేవాళ్ళు. అరచేతిలో పట్టేంత చిన్న ఫోటో. రేటు ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. ఒక మామూలు కూలీకి అది దాదాపు వారం సంపాదన.

కస్టమర్ వైపు నుంచి చూడండి. మెట్లెక్కాడు, కాసేపు కూర్చున్నాడు, దిగాడు. ఆ కాసేపటికి వారం కూలీ డబ్బులా? మన పెదనాన్న డైలాగ్ అక్కడే పుట్టి ఉండాలి.

ఇప్పుడు ఆ గినీలో ఏముందో చూద్దాం. వెండి రేకు ఉంది. ఆ రేకుని అద్దంలా మెరిసేదాకా రుద్దే మనిషి కూలీ ఉంది. అయోడిన్ ఆవిరి, పాదరసం ఆవిరి, ఆ తర్వాత బంగారు లవణంతో చేసే టోనింగ్ ఉన్నాయి. పైకప్పు అద్దె, లైసెన్స్‌కి పెట్టిన పెట్టుబడి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ఇంకోటి ఉంది, ఎండ లేని రోజులు. లండన్ చలికాలం, పొగమంచు, బొగ్గు పొగ మీకు తెలిసిందే. రోజుల తరబడి సూర్యుడు కనపడడు. అద్దె ఆగదు, జీతాలు ఆగవు. ఇదే బెంచ్. జూన్‌లో వచ్చిన కస్టమర్ కట్టిన గినీలో డిసెంబర్ అద్దె కూడా ఉంది.

బియర్డ్ ఈ సంగతి అర్థం చేసుకున్నాడు కాబట్టే గినీ పెట్టాడు. మొదట్లో డబ్బు బాగానే వచ్చింది. 1842లో లండన్‌లోనే ఇంకో రెండు స్టూడియోలు తెరిచాడు, బయటి ఊళ్ళవాళ్ళకి లైసెన్సులు అమ్మాడు. కానీ లైసెన్స్ లేకుండా ఫోటోలు తీసేవాళ్ళు పుట్టుకొచ్చారు. వాళ్ళ మీద కేసులు వేశాడు. అవి ఏళ్ళ తరబడి సాగాయి. 1850 వచ్చేసరికి బియర్డ్ దివాలా తీశాడు. అతని ధరలో అద్దె ఉంది, రేకు ఉంది, చలికాలం ఉంది. లాయర్ ఫీజు మాత్రం అంతుపట్టలేదు. లెక్కలోకి రాని ఖర్చు ఒక్కటి చాలు, బండి బోల్తా కొట్టడానికి.

ఆ మరుసటి ఏడాదే ఆట మొత్తం మారిపోయింది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లిష్ శిల్పి గాజు పలక మీద కొలోడియన్ పూసి నెగటివ్ తీసే పద్ధతిని ప్రచురించాడు. దానికి పేటెంట్ తీసుకోలేదు. వెండి రేకు అక్కర్లేదు, గాజు చాలు. పైగా డాగరోటైప్‌లో ఒక్క ఫోటోనే వస్తే, ఇక్కడ ఒక నెగటివ్ నుంచి ఎన్ని కాపీలైనా వేసుకోవచ్చు. లైసెన్స్ ఖర్చు పోయింది, ముడిసరుకు ఖర్చు తగ్గింది, ఊరూరా స్టూడియోలు వెలిశాయి. పాపం, ఆర్చర్ మాత్రం 1857లో చేతిలో ఏమీ లేకుండా చనిపోయాడు. అతని కుటుంబం కోసం చందాలు పోగు చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు పారిస్‌కి తిరిగి రావాలి, ఎందుకంటే ఈ చవక గాజు నెగటివ్‌ని పట్టుకుని లెక్కలతో ఆడుకున్న మనిషి అక్కడున్నాడు. పేరు ఆండ్రే డిస్డేరి. 1854 నవంబర్‌లో అతను ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఆ పేటెంట్‌లో కళ గురించి, అందం గురించి కాదు అతని వాదన. ఫోటో వ్యాపారంగా నిలబడాలంటే తయారీ ఖర్చు బాగా తగ్గాలి, నేను తగ్గించాను అన్నది అతని పాయింట్. ఎలా తగ్గించాడు? కెమెరాకి నాలుగు లెన్సులు పెట్టి, ఒకే గాజు పలక మీద ఎనిమిది చిన్న ఫోటోలు వచ్చేలా చేశాడు. ఒక్కసారి పలక తయారీ, ఒక్కసారి కడగడం, ఒక్క కాగితం మీద ప్రింటు. తర్వాత కత్తెరతో కత్తిరించి అట్టముక్కల మీద అంటించడమే. విజిటింగ్ కార్డు సైజు కాబట్టి వాటిని కార్త్ ద విజిత్ అన్నారు.

అప్పటిదాకా పారిస్‌లో పెద్ద ఫోటో ఒక్కదానికి 50 నుంచి 100 ఫ్రాంకులు తీసుకునేవాళ్ళు. డిస్డేరి డజను ఫోటోలు 20 ఫ్రాంకులకి ఇచ్చాడు. ఒక్కోటి రెండు ఫ్రాంకుల లోపే! అతను రేటు తగ్గించుకుని నష్టపోలేదు. ముందు ఖర్చు తగ్గించాడు, ఆ తర్వాత రేటు తగ్గించాడు. ఈ వరసే ప్రాణం. మన దగ్గర చాలామంది తిరగేసి చేస్తారు. ముందు రేటు తగ్గించేస్తారు, ఖర్చు సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు.

జనం వెర్రెత్తిపోయారు. రాజులు, రాణులు, నటీమణుల కార్డులు కొనుక్కుని ఆల్బమ్‌లు నింపారు. ఫ్యామిలీ ఆల్బమ్ అనే వస్తువు ఇళ్ళల్లోకి వచ్చింది ఈ కార్డుల పుణ్యమా అనే. డిస్డేరి రాజభోగం అనుభవించాడు.

మరి చివరికి? అదే రకం కెమెరా అందరూ కొన్నారు. ఖర్చు అందరికీ తగ్గింది కాబట్టి రేటు అందరికీ పడిపోయింది. డిస్డేరి దగ్గర మిగిలినవి ఆడంబరమైన స్టూడియో, దాని అద్దె, పెరిగిపోయిన జీవితం ఖర్చు. 1889లో పారిస్‌లో నిరుపేదగా చనిపోయాడు. ఖర్చు తగ్గించే కిటుకు మీ ఒక్కరి దగ్గరే ఉన్నన్ని రోజులు అది లాభం. అందరికీ దొరికిన రోజు నుంచి ఆ లాభం కస్టమర్ జేబులోకి వెళ్ళిపోతుంది. ఇవాళ ఎడిటింగ్ ప్రీసెట్లు, ఏఐ టూల్స్‌తో పని సగం టైమ్‌లో అయిపోతోంది అని సంబరపడేవాళ్ళు డిస్డేరిని ఒకసారి తలుచుకోవాలి.

ఇంకో రకం మునక కూడా ఉంది, దానికి అమెరికా వెళ్ళాలి. 1850ల్లో న్యూయార్క్‌లో 25 సెంట్లకే ఫోటో తీసే దుకాణాలు వచ్చేశాయి. ఆ చవక పోటీ మధ్య పెద్దవాళ్ళ ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నవాడు మాథ్యూ బ్రాడీ. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే, ఈ యుద్ధాన్ని మొత్తం ఫోటోల్లో బంధించాలని అతనికి పట్టుదల వచ్చింది. గుర్రపు బళ్ళని కదిలే డార్క్‌రూములుగా మార్చి, ఫోటోగ్రాఫర్లకి జీతాలిచ్చి యుద్ధభూములకి పంపాడు. అయిన ఖర్చు లక్ష డాలర్లకు పైనే అంటారు. ఇదంతా ఎవరి ఆర్డర్? ఎవరిదీ కాదు. యుద్ధం అయ్యాక ప్రభుత్వం కొనకపోతుందా అన్న నమ్మకం, అంతే.

యుద్ధం అయిపోయింది. జనం ఆ శవాల ఫోటోలు మళ్ళీ చూడాలనుకోలేదు. ప్రభుత్వం వెంటనే కొనలేదు. సరుకు అప్పిచ్చిన కంపెనీ బాకీ కింద ఒక సెట్ నెగటివ్‌లు పట్టుకుపోయింది. గోడౌన్ అద్దె కట్టలేకపోతే ఇంకొన్ని నెగటివ్‌లు వేలానికి వచ్చాయి. 1874లో అమెరికా యుద్ధశాఖ వాటిని 2,840 డాలర్లకి పాడుకుంది. ఆ మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ అతనికి 25,000 డాలర్లు మంజూరు చేసింది. లక్ష పోసి పావు వంతు తెచ్చుకున్నాడు. 1896లో బీదరికంలోనే చనిపోయాడు.

మన తెలుగులో దీనికి మంచి మాటుంది, చేతి చమురు భాగవతం. ఆడేది వీళ్ళే, దీపానికి నూనె పోసేదీ వీళ్ళే. బ్రాడీ ఫోటోలు చరిత్రకి అమూల్యం, అందులో సందేహం లేదు. కానీ పని గొప్పదైనంత మాత్రాన ఖర్చు దానంతటదే తిరిగి రాదు. ఎవరు కొంటారు, ఎంతకి కొంటారు, అడ్వాన్స్ ఎంత అన్నది కెమెరా తీయకముందే తేలాలి.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. హైదరాబాద్ వాళ్ళు గర్వంగా చెప్పుకునే పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు. 1866లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ విభాగంలో ఉద్యోగంలో చేరాడు. ఏం ఉద్యోగమో తెలుసా? హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. కట్టబోయే బిల్డింగ్‌కి ఇటుకలెన్ని, కూలీ ఎంత, మొత్తం అంచనా ఎంత అని లెక్కలు వేసే మనిషి! 1870ల్లో ఫోటోగ్రఫీ పట్టుకున్నాడు. ఉద్యోగం వెంటనే వదిలేయలేదు. ముందు రెండేళ్ళు సెలవు పెట్టి ఫోటోలు తీసి చూసుకుని, ఆ తర్వాతే ముందస్తు రిటైర్‌మెంట్ తీసుకున్నాడు. ఇంజనీర్ బుర్ర అంటే అదీ!

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, 1896లో బొంబాయిలో ఇంకోటి తెరిచాడు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంట్ అందుకున్నాడు.

ధరల కోణంలో ఈయన దగ్గర రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఈయన కోటలు, గుళ్ళు, పట్టణాల దృశ్యాలు వందల కొద్దీ తీశాడు. ఒకసారి ఎడ్ల బండి, పలకలు, మనుషులు, అన్నిటికీ ఖర్చు పెట్టి నెగటివ్ తెస్తే, దాని ప్రింట్లు ఏళ్ళ తరబడి అమ్ముడవుతాయి. ఒకసారి ఖర్చు, పదిసార్లు రాబడి. అందుకే నెగటివ్‌లకి నంబర్లు వేసి, జాగ్రత్తగా రికార్డు రాసి దాచారు. ఆ క్రమశిక్షణ ఫలితం, 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ నేషనల్ సెంటర్ ఫర్ ది ఆర్ట్స్ 2,857 గాజు నెగటివ్‌లు సేకరించగలిగింది. రెండోది, 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఆడవాళ్ళ కోసం, లోపల ఒక ఆంగ్ల మహిళ నడిపించే స్టూడియో అది. పక్కవాడికన్నా పది పైసలు తగ్గించి అదే కస్టమర్‌ని లాక్కోవడం ఒక దారి. పక్క స్టూడియోకి అసలు వెళ్ళలేని కస్టమర్ ఎవరా అని వెతకడం దీన్ దయాళ్ దారి.

దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో ఇలా నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే, అమెరికాలో ఒక మాజీ బ్యాంకు గుమస్తా ఫోటోగ్రాఫర్లందరి కింద నేల కదిలించాడు. అతనే జార్జ్ ఈస్ట్‌మన్. 1888లో కొడాక్ కెమెరా తెచ్చాడు. ధర 25 డాలర్లు, లోపల 100 ఫోటోలకి సరిపడా ఫిల్మ్. అయిపోయాక కెమెరాని కంపెనీకి పంపి 10 డాలర్లు కడితే ఫోటోలు ప్రింట్ చేసి, కొత్త ఫిల్మ్ ఎక్కించి తిరిగి ఇస్తారు. 1900లో బ్రౌనీ కెమెరాని ఒక్క డాలర్‌కే ఇచ్చాడు. లాభం కెమెరాలో లేదు, మళ్ళీ మళ్ళీ కొనే ఫిల్మ్‌లో ఉంది. బ్యాంకు లెడ్జర్లు రాసిన చెయ్యి కదా మరి!

"అందరి దగ్గరా కెమెరా ఉంది, ఇక ఫోటోగ్రాఫర్ ఎందుకు?" అన్న ప్రశ్న మనం స్మార్ట్‌ఫోన్ వచ్చాక విన్నాం. 1900లోనే జనం దాన్ని విన్నారు. అయినా స్టూడియోలు బతికాయి, ఎందుకంటే కస్టమర్ కొంటున్నది బటన్ నొక్కుడు కాదని అప్పుడు తేలింది. వెలుతురు, కూర్చోబెట్టే పద్ధతి, తప్పకుండా బాగా వస్తుందన్న భరోసా, ఇవి అమ్మినవాళ్ళు నిలబడ్డారు.

ఇండియాలో ఫిల్మ్ కాలం మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. 1960లో ప్రభుత్వం ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది, "ఇందు" పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ తయారు చేసింది. ఫిల్మ్ మీద పూతలో ఉండేది వెండి లవణాలే. అంటే ఫోటో ఖర్చు వెండి బజారుతో ముడిపడి ఉండేది. 1979 మొదట్లో ఔన్సు 6 డాలర్ల చుట్టూ ఉన్న వెండి, 1980 జనవరి నాటికి 50 డాలర్ల దాకా ఎగబాకింది. అమెరికాలో హంట్ సోదరులు వెండి మొత్తం గుప్పిట్లో పెట్టుకోవాలని చూసిన ఫలితం అది. ఎవరో బిలియనీర్ల జూదం ఎక్కడో పాస్‌పోర్ట్ ఫోటో తీసే వాళ్ళకి ముడిసరుకు ఖర్చుగా తగులుతుందన్నమాట.

ఫిల్మ్ కాలంలో ఫోటోగ్రాఫర్‌కి ఒక సౌకర్యం ఉండేది. ఖర్చు కంటికి కనిపించేది. రీలుకి 36 ఫోటోలు. కాపీకి ఇంత అని లెక్క. కస్టమర్ ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుని డబ్బులిచ్చేవాడు. నెగటివ్ స్టూడియోలోనే ఉండేది కాబట్టి అత్తగారింటికి ఒక సెట్, మేనత్తకి ఒక కాపీ అంటూ మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆ కాపీల డబ్బులోనే అద్దె, బెంచ్ రోజులు, మెషిన్ రిపేర్లు అన్నీ కలిసిపోయి ఉండేవి. అది ఎవరూ విడిగా చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

డిజిటల్ వచ్చింది. రీలు ఖర్చు సున్నా అయింది. దాంతో పాటు కాపీల రాబడీ సున్నా అయింది. "ఫోటోలన్నీ హార్డ్ డిస్క్‌లో వేసి ఇచ్చెయ్" అంటారు, అంతటితో సరి. ఖర్చు పోయిందా అంటే పోలేదు, చోటు మారింది. కెమెరా, లెన్సులు, లైట్లు, డ్రోన్, లాప్‌టాప్, బ్యాకప్ డిస్కులు, సాఫ్ట్‌వేర్ చందాలు, కలర్ కరెక్షన్‌కి రాత్రుళ్ళు, ఆల్బమ్ డిజైన్. అవేవీ పెళ్ళి మండపంలో కనిపించవు. మన చట్టం ఇంకో ముడి వేసింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులు. అంటే దీన్ దయాళ్ కోట ఫోటో లాగా మన పెళ్ళి ఫోటోగ్రాఫర్ ఆ ఫోటోల్ని పదిసార్లు అమ్ముకోలేడు. ఆ పని ఖర్చంతా ఆ ఒక్క పెళ్ళిలోనే రావాలి.

పైగా మన దగ్గర బెంచ్ ఎంత పెద్దదో చూడండి. లండన్‌కి పొగమంచు అయితే మనకి పంచాంగం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. మధ్యలో మూఢాలు వస్తే మళ్ళీ విరామం. మంచి ముహూర్తం రోజున ఊరంతా పెళ్ళిళ్ళే, కానీ ఒక ఫోటోగ్రాఫర్ ఒక్క మండపంలోనే ఉండగలడు. పన్నెండు నెలల అద్దె ఆ కొద్ది ముహూర్తాల్లోంచే రావాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహకి తీసుకున్న అంకెలు, మీ అంకెలు మీరు పెట్టుకోండి. సామాను మొత్తం 6 లక్షలు, 4 ఏళ్ళు పనిచేస్తుంది అనుకుంటే ఏడాదికి లక్షన్నర. అద్దె నెలకి 8,000, ఏడాదికి 96,000. కరెంటు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్, రిపేర్లు, పెట్రోల్ కలిపి ఏడాదికి 84,000. మీ జీతం నెలకి 30,000, ఏడాదికి 3,60,000. అవును, మీ జీతం కూడా ఖర్చే. మొత్తం 6,90,000. ఒక పెళ్ళికి షూటింగ్, సెలెక్షన్, ఎడిటింగ్, ఆల్బమ్ కలిపి 8 రోజులు పడితే, ఏడాదికి 30 పెళ్ళిళ్ళు చేస్తేనే 240 రోజులు. 6,90,000ని 30తో భాగిస్తే పెళ్ళికి 23,000. దీని మీద ఆ పెళ్ళికి నేరుగా అయ్యేవి, అంటే అసిస్టెంట్, రెండో కెమెరా మనిషి, కరిజ్మా ఆల్బమ్, ప్రయాణం, 17,000 అనుకోండి. మొత్తం 40,000. ఇందులో లాభం ఒక్క రూపాయి లేదు.

ఇదే కుర్రాడు పోటీకి భయపడి 25,000కి ఒప్పుకుంటే? నేరు ఖర్చు 17,000 పోగా 8,000 మిగులుతుంది. 30 పెళ్ళిళ్ళకి 2,40,000. అద్దె, కరెంటు వగైరా 1,80,000 పోతే చేతిలో 60,000. "ఖర్చులు పోగా అరవై మిగిలింది" అనుకుంటాడు. ఏడాదంతా నిద్ర మానుకుని పనిచేస్తే నెలకి 5,000! అది కూడా నిజంగా మిగిలింది కాదు, కెమెరా అరుగుదల లక్షన్నర లెక్కలోకే రాలేదు. నాలుగో ఏడు కెమెరా మూలపడిన రోజున ఆ నిజం బయటపడుతుంది. అప్పుడు అప్పు తప్ప దారి ఉండదు.

దీనికి మన రైతుల దగ్గర ఎప్పటి నుంచో ఒక మాట ఉంది, గిట్టుబాటు ధర. మద్దతు ధరల సిఫార్సు చేసే కమిషన్ లెక్కల్లో కూడా మెట్లు ఉన్నాయి. చేతి నుంచి పెట్టిన ఖర్చు ఒక మెట్టు. దానికి ఇంటిల్లిపాది చాకిరీ విలువ కలిపితే రెండో మెట్టు. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే మూడో మెట్టు. రైతుల పోరాటం అంతా ఏ మెట్టు మీద ధర కట్టాలన్న దాని గురించే. మన ఫోటోగ్రాఫర్లలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. సొంత చాకిరీ, సొంత పెట్టుబడి ఉచితం అన్నట్టు బతుకుతున్నారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. నాకు 40,000 గిట్టుబాటు అయితే అయింది, మా ఊళ్ళో ఎవరూ అంత ఇవ్వరు, అప్పుడేం చెయ్యాలి? నిజమే. మీ ఖర్చు ఎంతో కస్టమర్‌కి అనవసరం. మీ ఖర్చు మీ రేటుకి పునాది మాత్రమే, పైన ఎన్ని అంతస్తులు వేయాలో బజారు చెప్తుంది. పునాదికే డబ్బు రాకపోతే చరిత్రలో మూడు దారులు కనిపిస్తున్నాయి. డిస్డేరిలా ముందు ఖర్చు తగ్గించండి, రోజూ వాడని లెన్స్ కొనకుండా అద్దెకి తెచ్చుకోవడం అందులో ఒకటి. దీన్ దయాళ్‌లా వేరే కస్టమర్‌ని వెతకండి. బెంచ్ నెలల్లో బట్టల షాపుకి, హోటల్‌కి, స్కూలుకి కావలసిన ఫోటోలకి ముహూర్తంతో పనిలేదు. రెండూ కుదరకపోతే మూడో దారి, ఆ పని వద్దని చెప్పడం. నష్టానికి తీసే పెళ్ళి కన్నా ఇంట్లో కూర్చున్న రోజు చవక.

ఈ వీడియో చూస్తున్న మీలో కొందరు కెమెరా కొనే ఆలోచనలో ఉంటారు. ఏ మోడల్ కొనాలి అని రివ్యూలు చూసే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. పైన చెప్పిన నాలుగు వరసలూ రాయండి. సామాను అరుగుదల, అద్దె, నెలనెలా ఖర్చులు, మీ జీతం. కింద ఏడాదికి ఎన్ని పనులు చేయగలరో నిజాయితీగా వేసి భాగించండి. వచ్చిన అంకె ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బేరంలో ఎంత దిగినా ఆ గీత దాటొద్దు.

పెళ్ళి పెట్టుకున్న ఇంటివాళ్ళకి కూడా ఒక మాట. రేటు ఎక్కువ అనిపిస్తే బేరం ఆడండి, మీ హక్కు అది. కాకపోతే "ఎంత తగ్గిస్తావ్" అని అడిగేకన్నా "ఏం తగ్గించుకుంటే ఎంత తగ్గుతుంది" అని అడగండి. డ్రోన్ వద్దు, ఆల్బమ్ పేజీలు తగ్గించు, ప్రీ వెడ్డింగ్ షూట్ తీసెయ్ అనండి. అప్పుడు తగ్గేది ఖర్చు, అతని కూలీ కాదు.

ఇదీ ఫ్రెండ్స్, ఫోటో రేటు వెనకాల కథ. మీ దగ్గర పాత స్టూడియో బిల్లులు, నెగటివ్ కవర్లు ఏవైనా ఉంటే పారేయకండి, వాటి మీద రాసిన అంకెలు కూడా చరిత్రే.